మూడు డబ్బాల మంచు

నిన్న పొద్దున రేపల్లె చేపల మార్కెట్లో నిలబడి ఉండగా, లారీ మీంచి అప్పుడే దించిన ఐసు దిమ్మ మీద ఒకాయన బకెట్టుతో నీళ్ళు పోశాడు. దిమ్మ లోపల చిటచిటమంటూ సన్నని పగుళ్ళు పరుచుకున్నాయి. ఇరవై రెండేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి, ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కానీ ఆ పూట నా చేతిసంచిలో బాపట్లలోని ఒక కాలేజీ వాళ్ళు వేసిన వార్షికోత్సవ సంచిక ఉంది. అక్కడ వృక్షశాస్త్రం చెప్పిన జ్ఞానసుందరి గారి మీద అందులో ఒక పేజీ రాశారు. ఫొటో బాగానే వేశారు. ఆమె సేకరించిన ధ్రువసముద్రపు మంచు కరెంటు కోత వల్ల పాడైపోయి, ఆమె పరిశోధన ఆగిపోయిందని కింద ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. మంచును సేకరించింది ఆమె కాదు. పాడుచేసింది కరెంటు కాదు. పరిశోధన ఆగిపోనూ లేదు. మొదటి తప్పునూ మూడో తప్పునూ దిద్దగలిగినవాళ్ళు ఇంకా కొందరున్నారు. రెండోదాన్ని దిద్దవలసింది నేను, ఎందుకంటే పాడుచేసింది నేనే. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అచ్చులో ఉన్నదే రేపు నిజమవుతుంది. అందుకని ఇది రాసి పెడుతున్నాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ రెండుసార్లు తప్పి కాలేజీ మానేశాను కానీ చదవడం మానలేదు. సెలవు దొరికిన రోజున రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళి, గ్రంథాలయం తలుపులు తీసే వేళకు మెట్ల మీద ఉండేవాణ్ణి. అక్కడి గ్రంథపాలకులు వెంకటప్పయ్య గారు ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం సంపుటాలను నాకోసం పై అరలోంచి ఒక్కొక్కటిగా దించి, పక్కన నిఘంటువు పెట్టేవారు. మొదటి సంపుటం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఎనభైల మధ్యకు వచ్చేసరికి ‘ఐ’ అక్షరం దాకా చేరాను. ఐసు మీద ఉన్న పేజీలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. నేను చేసే పని గురించి అంత పెద్ద పుస్తకంలో రాసి ఉండటం నాకు గర్వంగా ఉండేది. ఫ్యాక్టరీలో నాతోపాటు పనిచేసే మస్తాన్ నన్ను ‘పంతులన్నా’ అని పిలిచేవాడు. అందులో వెక్కిరింపు ఉందని తెలిసినా ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

జ్ఞానసుందరి గారు మొదటిసారి మా ఫ్యాక్టరీకి వచ్చింది ఒక మే నెల మధ్యాహ్నం. యాభైకి దగ్గర పడిన మనిషి. చీర కుచ్చెళ్ళకు బురద, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, బుట్ట నిండా మూతలు బిగించిన సీసాలు. రేపల్లెకు దిగువన మురుగుకాలవ సముద్రపు పోటు నీటితో కలిసే చోట ఆమె కొన్నేళ్ళుగా నీళ్ళు పట్టుకెళ్తున్నారట. బస్సు బాపట్ల చేరేదాకా సీసాలు చల్లగా ఉండాలి, కాస్త ఐసు ముక్కలు ఇవ్వమన్నారు.

“ఈ నీళ్ళలో ఏముందండి?” అని అడిగాను.

“జీవాలున్నాయయ్యా. కంటికి ఆనవు. ఎండకి చస్తాయి.”

“ఐసులో మాత్రం బతుకుతాయాండి? ఐసులో ఏ జీవమూ ఉండదండి. నేను చదివాను.”

“ఎక్కడ?”

“తెనాలి లైబ్రరీలోనండి. చాలా పెద్ద పుస్తకం.”

“ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడన్నా ఐసు పగలగొట్టి చూశాడంటావా?”

మస్తాన్ పకపకా నవ్వాడు. “అయిపోయింది. పంతులన్నకి ఇవాళ పరీక్ష పడింది!”

ఆమె నవ్వలేదు. పగలగొట్టిన దిమ్మ దగ్గరకు వెళ్ళి, మధ్యలో పాలలాగా తెల్లగా ఉన్న భాగాన్ని వేలితో తాకి అదేంటని అడిగారు. అది నాకు తెలిసిన విషయం కాబట్టి ఉత్సాహంగా చెప్పాను. మేము నీళ్ళు నింపిన డబ్బాలను ఉప్పునీటి తొట్టిలో దించుతాం. తొట్టిలోని ఉప్పునీరు అంత చలిలోనూ గడ్డకట్టదు, డబ్బాలోని మంచినీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టడం అంచుల నుంచి మొదలై లోపలికి పోతుంది. పోతూ పోతూ నీళ్ళలోని ఉప్పునూ మలినాన్నీ మధ్యకు నెట్టేస్తుంది. సోడా కొట్ల వాళ్ళు అద్దంలాంటి ఐసు కావాలంటారు. వాళ్ళకోసం మధ్యలో మిగిలిన నీళ్ళు గడ్డకట్టకముందే గొట్టంతో తోడేసి, వాటి స్థానంలో శుభ్రమైన నీళ్ళు పోస్తాం. ఇదంతా విని ఆమె, “తోడేసిన నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశావా?” అన్నారు. చూశాను, ఉప్పగా ఉంటాయన్నాను. “ఇది నీ పుస్తకంలో ఉందా?” లేదన్నాను. “మరి రాసుకో,” అని ఐసు ముక్కలు బుట్టలో సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆ తరువాత రెండు వారాలకొకసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా నేనేదో ఒకటి అడిగేవాణ్ణి. ఒకసారి విసుగొచ్చినట్టుంది, “ఆదివారం బాపట్ల రావయ్యా, చూద్దువుగాని” అన్నారు. చర్చి అయ్యాక కాలేజీ గది తాళం తీయించి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. కంటికి ఆనించగానే నేను గుర్తుపట్టాను. గాజులాంటి పెంకులో ఉండే ఒంటి కణపు మొక్కలు. “డయాటమ్‌లండి!” అని అరిచినంత పని చేశాను.

“పేరు అడగలేదు. ఏం కనిపిస్తోందో చెప్పు.”

“అవేనండి, డయాటమ్‌లు.”

“అది నువ్వు తెనాలి నుంచి తెచ్చుకున్న మాట. అక్కడ ఏముంది? గుండ్రంగా ఉందా, పడవలా ఉందా? కదులుతోందా? ఎన్ని ఉన్నాయి?”

మళ్ళీ చూశాను. చెప్పడానికి పావుగంట పట్టింది. నేను చెబుతున్నదాన్ని ఆమె ఒక మాట కూడా మార్చకుండా తన పుస్తకంలో రాసుకున్నారు. నా నోటి మాటను ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి.

ఆమె వెతుకుతున్నదేమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. ఎండాకాలంలో కాలవలు కట్టేసినప్పుడు మా మురుగుకాలవ చివర నీళ్ళు సముద్రమంత ఉప్పగా ఉంటాయి. నాట్లకు కృష్ణ నీళ్ళు వదలగానే ఒక్కసారిగా చప్పబడతాయి. అప్పుడు ఉప్పుకు అలవాటుపడిన పెద్ద కణాలు పోయి, చిన్నవీ, తోకతో ఈదేవీ పెరుగుతాయి. పెద్దవాటిని తినే పురుగులకూ, ఆ పురుగులను తినే రొయ్య పిల్లలకూ తిండి మారిపోతుంది. ధ్రువాల దగ్గర సముద్రం గడ్డకట్టినా లోపల ఉప్పునీరు సన్నని దారాల్లాంటి గొట్టాల్లో మిగిలిపోతుందనీ, ఆ గొట్టాల్లో కోట్లకొద్దీ కణాలు చలికాలమంతా కాపురం చేస్తాయనీ ఆమె చెప్పారు. మంచు కరిగేటప్పుడు ముందు ఆ ఉప్పునీరు కారిపోతుంది, తరువాత మంచినీళ్ళు వచ్చి పడతాయి. అప్పుడు ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు, మిగిలినవాళ్ళ మీద ఎవరు బతుకుతారు? రేపల్లె కాలవకు వేసిన ప్రశ్ననే ఆ మంచుకూ వేయాలని ఆమె కోరిక. డాక్టరేటు కోసం పేరు నమోదు చేసుకుని అప్పటికే చాలా కాలమైంది. కాలవ గురించి రాసింది బాగుంది కానీ కొత్తదనం చాలదని గైడు గారు అంటూ వచ్చారు. గడువు రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు.

మంచు ఎలా వచ్చిందంటే, ఆమె చెల్లెలు కరుణమ్మ గారి అబ్బాయి ప్రభుదాస్ ఓడలో వంటవాడు. శాస్త్రజ్ఞులను దక్షిణ ధ్రువం వైపు తీసుకెళ్ళే ఓడలో ఒక ఏడాది పని దొరికింది. ఓడ మంచును చీల్చుకుపోతుంటే తిరగబడిన పలకల అడుగున గోధుమరంగు పాచి కనిపించిందట. అది చూడగానే పెద్దమ్మ గుర్తొచ్చి, సిబ్బందిని బతిమాలి కొంత కోయించి, అయిదు స్టీలు డబ్బాల్లో కుక్కి ఓడ ఫ్రీజరులో దాచాడు. థర్మోకోల్ పెట్టెలో ఐసూ ఉప్పూ పోసి, దారిలో మార్చుకుంటూ రైల్లో తెనాలి చేర్చాడు. నేనూ జ్ఞానసుందరి గారూ స్టేషనుకు వెళ్ళాం.

“దీనికోసం మాంసం పక్కకి జరిపాను పెద్దమ్మా. కెప్టెన్ చూసుంటే నన్ను కూడా ఇందులోనే పెట్టేవాడు,” అన్నాడు ప్రభుదాస్.

“బతికే ఉన్నాయంటావా రా?”

“నన్నడుగుతావేంటి? నేను వండేవాణ్ణి, బతికించేవాణ్ణి కాదు.”

ఆమె అంతగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు. అంత చలి ఉన్న చోటు మాకు తెలిసినంతలో ఒక్కటే, మా ఫ్యాక్టరీ ఉప్పునీటి తొట్టి. కాలేజీలో పరీక్షల పని అయ్యేదాకా మూడు వారాలు డబ్బాలను అందులో ఉంచాలనుకున్నాం. వెళ్ళేటప్పుడు ఆమె, “చల్లగా ఉంచితే చాలు. ఇంకేం చెయ్యొద్దు,” అన్నారు.

రెండో వారంలో గాలివానకు స్తంభాలు కూలి కరెంటు పోయింది. ఒక రోజు గడిచింది, రెండో రోజు మధ్యాహ్నమైంది. తొట్టి వేడెక్కుతోంది. నేను డబ్బాల మూతలు తీసి చూశాను. మంచు ఇంకా ఉంది, కానీ మెత్తబడింది. అడుగున గోధుమరంగు నీళ్ళు చేరాయి. వేలితో తాకి నాలిక మీద వేసుకున్నాను. కటిక ఉప్పు. రోజూ చేసే పనే కాబట్టి చేతికి ఆలోచన అవసరం లేకపోయింది. మలినం తోడేసి శుభ్రమైన నీళ్ళు పోస్తే మంచు బాగుంటుంది. పైగా నేను సూక్ష్మజీవుల గురించి చదివినవాణ్ణి, మామూలు నీళ్ళు పొయ్యను. కాచి చల్లార్చిన నీళ్ళు తెప్పించాను. మొదటి డబ్బా వంచి ఆ నీళ్ళు పారబోశాను, మంచినీళ్ళు పోశాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మస్తాన్ చూస్తూ, “మేడమ్ ఏం చెయ్యొద్దన్నారు కదన్నా?” అన్నాడు. “నీకు తెలీదులే,” అన్నాను. నాలుగో డబ్బా మీద చెయ్యి వేసేసరికి కరెంటు వచ్చింది. కంప్రెసరు దగ్గరకు పరుగెత్తాను. మర్నాటికి అయిదు డబ్బాలూ మళ్ళీ రాయిలా గట్టిపడ్డాయి.

ఆమె వచ్చినప్పుడు కరెంటు పోయిన సంగతి చెప్పాను. ఆ మూడు డబ్బాలు త్వరగా వేడెక్కే తొట్టి అంచున, మిగతా రెండు మధ్యన ఉన్నాయని కూడా చెప్పాను. అవి నిజాలే. నీళ్ళ సంగతి దాచాలని అనుకోలేదు. చెప్పవలసిన విషయమని తోచలేదు.

సూర్యలంక నుంచి తెచ్చి వడగట్టిన సముద్రపు నీళ్ళలో ఆమె ఆ మంచును మెల్లగా కరిగించి నెలల తరబడి లెక్కించారు. మధ్యలో ఉన్న రెండు డబ్బాల్లో పెద్ద కణాలు గొలుసులుగా నిండుగా ఉన్నాయి. అంచున ఉన్న మూడింట్లో పెద్దవి పగిలి ఖాళీ పెంకులు మిగిలాయి, ఉన్న కొద్దిపాటి ప్రాణాలూ చిన్నవే. దాన్నుంచి ఆమె ఒక నిర్ణయానికి వచ్చారు. మంచు పూర్తిగా కరగనక్కరలేదు, కాస్త వెచ్చబడితే చాలు, లోపలి కాపురం మొత్తం మారిపోతుంది. అదే కొత్తదనం. గైడు గారు మొదటిసారి మెచ్చుకున్నారు. ఆ అధ్యాయం టైపుకు వెళ్ళింది. బాపట్ల వెళ్ళినప్పుడల్లా అందులో కొన్ని పేజీలు నాకు చదివి వినిపించేవారు.

తొంభైలు మొదలైన కొత్తలో, ఒక సెలవు రోజున వెంకటప్పయ్య గారు పాత విజ్ఞాన పత్రికల కట్ట ఒకటి నా ముందు పెట్టారు. అందులో సముద్రపు మంచు మీద ఒక వ్యాసం ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. మంచులోని కణాలు గాఢమైన ఉప్పునీటికి అలవాటుపడి ఉంటాయి, వాటి మీద ఉన్నట్టుండి మంచినీళ్ళు పడితే నీరు లోపలికి చొరబడి అవి ఉబ్బి పగిలిపోతాయి, అందుకే కరిగించేటప్పుడు సముద్రపు నీరు కలుపుతారు అని రాసి ఉంది. ఆ పేరా మూడుసార్లు చదివాను. తరువాత నిఘంటువులో ‘పగిలిపోవు’ అన్న అర్థం ఇచ్చిన మాటను మళ్ళీ వెతికాను, ఇంకేదైనా అర్థం ఉందేమోనని. లేదు.

ఎనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో రోజు ఆదివారం. సోమవారం ఆమె గ్రంథం సమర్పించాలి. బస్సులో బాపట్ల వెళ్ళాను. వరండాలో బల్ల మీద టైపు కాగితాల కట్టలు వరుసగా పెట్టుకుని ఆమె అక్షరదోషాలు దిద్దుతున్నారు. లోపల కరుణమ్మ గారు పులుసు పోపు పెడుతున్నారు.

“రావయ్యా. రేపు కట్ట మోయడానికి మనిషి కావాలనుకుంటున్నా.”

“మేడమ్, ఆ మూడు డబ్బాల్లో నేను నీళ్ళు పోశానండి.”

“ఏం నీళ్ళు?”

“కాచి చల్లార్చిన మంచినీళ్ళండి. కరెంటు పోయిన రెండో రోజు. అడుగున చేరిన గోధుమరంగు నీళ్ళు పారబోసి పోశాను.”

ఆమె పెన్నుకు క్యాపు పెట్టారు. “ఎందుకు?”

“ఐసు శుభ్రంగా ఉంటుందనండి. మేం రోజూ చేసేదే.”

తరువాత ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. “ఎన్ని గ్లాసులు పోశావు?”

“తెలీదండి.”

“ఎంత పారబోశావు?”

“చూసుకోలేదండి.”

“అర గ్లాసా? రెండు గ్లాసులా? సుమారుగానైనా చెప్పు.”

“నిజంగా తెలీదండి.”

“పోశావు, సరే. పోసేటప్పుడు గ్లాసు నీ చేతిలోనే ఉందిగా! ఎన్నో చూసుకోవడానికేం రోగం?” ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. కరుణమ్మ గారు గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

కొలత తెలిసి ఉంటే ఆ అధ్యాయం బతికేది. మంచినీళ్ళు ఇంత కలిసినప్పుడు ఇంతమంది పోయారు అని తిరగరాయవచ్చు. తెలియదు కాబట్టి, కణాలను చంపింది వెచ్చదనమో నా నీళ్ళో ఎవరూ చెప్పలేరు. ఇదంతా ఆమె వివరించలేదు. వేళ్ళు నుదుటికి ఆనించుకుని కూర్చున్న ఆమెను చూస్తే నాకే అర్థమైంది.

“కరెంటు పోవడం నిజమేగా మేడమ్,” అన్నాను. “నేను చెప్పలేదనుకోండి.”

“విన్నాక ఎట్లా అనుకుంటానయ్యా?”

సోమవారం ఆమె గ్రంథం సమర్పించలేదు. ఎవరికి తెలుస్తుంది, ఉంచేయండని గైడు గారు అన్నారట. ఆమె ఆ అధ్యాయం తీసేశారు. మిగిలింది చాలదని గైడు గారన్నారు. గడువు దాటిపోయింది. పేరుకు ముందు డాక్టర్ అన్న మాట లేకుండానే ఆమె రిటైరయ్యారు. కాలేజీలో అడిగినవాళ్ళకు నమూనాలు పాడయ్యాయని మాత్రం చెప్పారు. ఎలా పాడయ్యాయో ఎవరికి వారు ఊహించుకున్నారు. నేనూ ఊహించుకోనిచ్చాను.

ఇక ఆమె ముఖం చూడలేననుకున్నాను. నెల తిరక్కముందే కార్డు వచ్చింది. “వచ్చే ఆదివారం కాలవ దగ్గరకు రా. కొలత గ్లాసు తెచ్చుకో.” అంతే ఉంది. వెళ్ళాను. ఆ తరువాత ఆమె కాళ్ళు సహకరించినన్నాళ్ళూ, దాదాపు ఏడేళ్ళు, రెండు వారాలకొకసారి ఇద్దరం ఆ కాలవలో నీళ్ళు పట్టాం. పోటు ఎప్పుడు, గాలి ఎటు, నీళ్ళు ఎంత ఉప్పన, ఎన్ని సీసాలు, అన్నీ పని జరుగుతున్నప్పుడే రాయాలి. ఇంటికి వెళ్ళి రాస్తానంటే ఒప్పుకునేవారు కాదు. “ఇంటికెళ్ళాక నువ్వు తెలివైనవాడివైపోతావు. ఇక్కడే రాయి,” అనేవారు. ఇప్పటికీ ఇంట్లో వడియాల పిండిలో నీళ్ళు పోసినా ఎన్ని గ్లాసులో గోడ మీద క్యాలెండరులో రాస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. ఈ పద్ధతి నాకు గ్రంథాలయంలో దొరికింది కాదు.

సంచికలో ఆ వాక్యం చూశాక కరుణమ్మ గారిని అడిగితే, తీసేసిన అధ్యాయం ఉన్న ఫైలు తెచ్చి ఇచ్చారు. మొదటి పేజీ మీద అడ్డంగా గీత, పక్కన పెన్సిలుతో నాలుగు ముక్కలు. “మూడు డబ్బాల్లో మంచినీళ్ళు పడ్డాయి. ఎన్ని గ్లాసులో తెలియదు. కోటేశ్వరరావు తనే వచ్చి చెప్పాడు. ఇది వాడకూడదు.” తేదీ, వేళ కూడా వేశారు. పోపు వేగుతున్న ఆ వేళే. నేను గేటు దాటకముందే రాసి ఉంటారు.

ఈ నాలుగు పేజీలు రాయడానికి సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు. ఫైలు ఇచ్చిన కరుణమ్మ గారికి. పై అరలోంచి అన్ని సంపుటాలు దించి, ఒక్కదానికీ విసుక్కోని వెంకటప్పయ్య గారికి. ఆయన లేరు, వారి అబ్బాయికి ప్రతి పంపుతున్నాను. వద్దని ముందే చెప్పిన మస్తాన్‌కు. చివరిగా ప్రభుదాస్‌కు. ఆయన ఓడ పని మానేసి వాడరేవులో భోజన హోటలు నడుపుతున్నారు. ఆ మంచును పాడుచేసింది కరెంటేనని ఇన్నాళ్ళూ ఆయనా అనుకుంటూ వచ్చారు. ఇవాళ వెళ్ళి, గిరాకీ తగ్గాక, ఇదంతా చదివి వినిపించాను. అడ్డుపడకుండా విన్నారు. అయిపోయాక బల్ల తుడుస్తూ, “మరి మిగతా రెండు డబ్బాలు బాగానే ఉన్నాయిగా అన్నా. వాటి సంగతి ఒక్క ముక్కే రాశావేంటి?” అన్నారు.

ఆయన అడిగారు కాబట్టి రాస్తున్నాను. నాలుగో డబ్బా కరిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. గాజుపలక కింద ఐసు ముక్కలు పేర్చి ఆమె నన్ను మైక్రోస్కోపులో చూడమన్నారు. కణాలు చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. పలక కుడి అంచున ఒకటి మాత్రం, బంగారు రంగులో, పడవ ఆకారంలో, మెల్లగా ముందుకు జరుగుతోంది. ఎదురుగా ఖాళీ పెంకు ఒకటి అడ్డొస్తే ఆగింది. కాసేపు అలాగే ఉండి, వచ్చినదారినే వెనక్కి బయలుదేరింది.